ఇరవై పేజీల మాంగా కథ గీయడం ఎలా? ముందు నేము వెయ్యండి

మాంగా, అంటే జపాన్ తరహా కామిక్సు, గీశానంటూ నాకు చూపించడానికి తెచ్చే పిల్లల్లో పదింట తొమ్మిదిమందిది ఒకటే వరస. హీరో బొమ్మ అదిరిపోతుంది. జుట్టు గాలికి లేచి ఉంటుంది, కళ్ళు మొహంలో సగం. మూడో పేజీకల్లా కథ నీరుగారిపోతుంది. "తర్వాతేమైంది నాయనా?" అంటే "ఇంకా అనుకోలేదు సార్" అంటారు. ఆ అనుకునే పనికే జపాన్ వాళ్ళు నేము అని పేరు పెట్టారు. ఏ పేజీలో ఎన్ని గడులు, ఏ గడిలో ఎవరు, ఏం మాట్లాడతారు అన్నది గీకుడు గీతల్లో వేసుకునే చిత్తుప్రతి అది. ఇది లేకుండా ఇంకు సీసా మూత తియ్యకూడదు.

జపాన్ మాంగా కళాకారుడు ఒసాము తెజుకా (1928–1989) జీవితకాలంలో గీసినవి దాదాపు లక్షా యాభై వేల పేజీలు. ఒసాకాలో వైద్యం చదువుతున్న రోజుల్లోనే 1947లో అచ్చయిన 'షిన్ తకారాజిమా' (కొత్త నిధి దీవి) గీశారు. 1952లో 'తెత్సువాన్ అతోము' (ఇంగ్లీషులో 'ఆస్ట్రో బాయ్') మొదలైంది. ఒకే సమయంలో నాలుగైదు పత్రికలకు కథలు నడిపిన మనిషి. చెయ్యి వేగం అనేస్తారు అందరూ. చెయ్యి ఒక్కటే వేగంగా ఉంటే సరిపోదు, కథ ఎక్కడ మలుపు తిరగాలో ముందే తేలి ఉండాలి. 1973లో మొదలైన 'బ్లాక్ జాక్' చూడండి. వారం వారం ఇరవై పేజీల చుట్టూ ఒక పూర్తి కథ. రోగి వస్తాడు, డాక్టరు కళ్ళు తిరిగే ఫీజు అడుగుతాడు, ఆపరేషన్ అవుతుంది, అక్కడితో అయిపోయిందనుకునేలోపు ఇంకో మెలిక. మనం నేర్చుకోవాల్సిన కొలత అదే. మొదటి కథే రెండొందల పేజీలంటే ముగించలేరు.

సామాను సంగతి త్వరగా కానిచ్చేద్దాం. జపాన్‌లో బీ4 కాగితం వాడతారు, లోపలి చట్రం 180 × 270 మిల్లీమీటర్లు. మీకు బీ4 దొరక్కపోతే ఏ3 మీద అదే చట్రం కొట్టుకోండి. నల్ల ఇంకు, ఒత్తితే గీత లావయ్యే జీ పాళీ ఒకటి, సన్న గీతలకు 'మారు' అనే సన్నటి పాళీ, హెచ్‌బీ పెన్సిలు. అంతే.

పాత్రల గురించి నెలలు తినకండి. కథకంటే ముందు పాత్రలను డిజైన్ చేసుకోవాలని వీడియోల్లో చెప్పేవాళ్ళున్నారు. నా లెక్కలో అది పని తప్పించుకునే దారి. తెజుకా దగ్గర ఒక నాటక సమాజమే ఉండేది. పాత్రలే నటుల్లా కథ కథకూ వేషం మారుస్తాయి: అదే మీసాల ముసలాయన హిగెఒయాజీ ఒక కథలో బడిపంతులు, ఇంకో కథలో డిటెక్టివ్. తన బొమ్మలు గుర్తుల్లాంటివని ఆయనే చెప్పుకున్నారు. మీరూ నాలుగు మొహాలు పెట్టుకుని వాటితోనే పది కథలు లాగించండి.

ఇక అసలు పని. ఐదు ఏ4 కాగితాలు ఒకదాంట్లో ఒకటి పెట్టి నడిమికి మడవండి. ఇరవై పేజీల బుల్లి పుస్తకం వస్తుంది. నేము దీంట్లోనే వెయ్యాలి, ట్యాబ్లెట్‌లో వద్దు. తెర మీద పేజీ జరుగుతుందే గానీ తిరగదు. ఈ పుస్తకంలో పాఠకుడు కాగితం తిప్పేది సరిగ్గా పదిసార్లు. ఆ పది చోట్లే మీ కథకు ఆయువుపట్లు. తెలుగు ఎడమ నుంచి కుడికి కాబట్టి, బేసి పేజీలో కింద కుడిమూల గడిలో ప్రశ్న పెట్టండి: తలుపు తెరుచుకుంది, ఎవరో పిలిచారు, వాడి మొహం పాలిపోయింది. జవాబు తిప్పాక పైన ఎడమ గడిలో ఉండాలి. ఎదురెదురు పేజీల్లో రెండూ పెడితే కన్ను ముందే దొంగిలించేస్తుంది.

జపాన్ పుస్తకం కుడి నుంచి ఎడమకు చదువుతారు కాబట్టి అందులో ఇదంతా అటుది ఇటు. అది చూసి గడులు యథాతథంగా దించేవాళ్ళు ఇక్కడే బోల్తాపడతారు. అద్దంలోలా తిప్పేస్తే సరి అనుకోకండి. ఇంగ్లీషులో మొదట్లో చాలా పుస్తకాలకు అలాగే చేశారు. మనుషులంతా ఎడమచేతివాటం వాళ్ళయ్యారు, కిమోనో కుడి అంచు పైకొచ్చింది. జపాన్‌లో అలా కట్టేది శవానికి.

గడులు గీసేముందు మాటలు రాయండి. ఇది నా నియమం, దీనికి మినహాయింపు లేదు. జపాన్ అక్షరాలు నిలువునా పేర్చుకుంటారు, అందుకే వాళ్ళ బెలూన్లు పొడవుగా, సన్నగా ఉంటాయి. మనవాడు ఆ బెలూను కాపీ కొట్టి అందులో "వెళ్ళిపోయిందనుకున్నాను" రాయబోతాడు. ఒక్క మాటే, పట్టదు. మాట విరవాలి, లేదా అక్షరం చీమంత చెయ్యాలి. రెండూ చదవబుద్ధి కావు. పైగా మన గుడులూ ఒత్తులూ పైనా కిందా పొడుచుకొస్తాయి, వరసల మధ్య ఎడం కావాలి. కాబట్టి బెలూను అడ్డంగా, గడి వెడల్పుగా ఉండాలి. అడ్డ వరసకు రెండు గడులు చాలు. నా మొదటి కథకు ఇంకంతా అయ్యాక మాటలు పెట్టాను. చివరి గడిలో అమ్మాయి చేతిలోని ఉత్తరం బెలూను కింద పడిపోయింది. కథంతా ఆ ఉత్తరం మీదే నడుస్తుంది మరి.

నేములో మొహాలు గుండ్రాలే. చూపు ఎటుందో ఒక గీత చాలు. అందంగా గీశారా, చెరపడానికి మనసొప్పదు, చచ్చు గడి కథలో ఉండిపోతుంది.

ఒక కదలికను సాగదియ్యడం ఒక్కచోటే చెయ్యండి. 'షిన్ తకారాజిమా' మొదట్లో కుర్రాడు కారులో రేవు వైపు దూసుకెళ్తాడు. మాటల్లేకుండా కారే పరిగెడుతుంటుంది గడి తర్వాత గడి. అది చూసి నోరెళ్ళబెట్టిన పిల్లల్లో తర్వాత ఫుజికో ఫుజియో అనే ఒకే కలంపేరుతో మాంగా గీసిన ఇద్దరు స్నేహితులూ ఉన్నారు. మీ ఇరవై పేజీల్లో అలాంటి కారు ఒక్కటే పడుతుంది, కథ అడ్డం తిరిగే చోటుకు దాచుకోండి.

నేము పూర్తయ్యాక కామిక్సు చదవని మనిషి చేతికివ్వండి. మా ఇంట్లో మా అత్తయ్యగారికిస్తాను. మీరు నోరు తెరవకండి, ఆవిడ వేళ్ళు చూడండి. ఎక్కడ పేజీ వెనక్కి తిప్పారో అక్కడ తప్పు మీది. ఆ రెండు పేజీలూ మళ్ళీ వెయ్యాలి. నాకు మూడుసార్లు పడుతుంది మామూలుగా.

మిగతాది ఒళ్ళు వంచడమే. పెన్సిలుతో దించండి, ముందు బెలూన్లు, తర్వాత మనుషులు, చివర్లో వెనక దృశ్యం. ఇంకు పెట్టండి. ఆరిందో లేదో వేలితో తడిమి చూడకండి. భోజనం చేసొచ్చి అప్పుడు రబ్బరు పట్టుకోండి.