కొట్టంలో ఎవరి తీరు వాళ్లది – మూడో పాఠం: బెదురు, పొగరు, నొప్పి వేరు చేసి చూడటం

పోయిన పాఠం చివర ఒక పని ఇచ్చాను. వారం రోజులు సాయంత్రం కుడితి తొట్టి దగ్గర నిలబడి, ముందు మూతి పెట్టేది ఎవరో, పక్కకు తప్పుకునేది ఎవరో రాసుకోమన్నాను. ఆ పుస్తకం దగ్గర పెట్టుకుని ఈ పాఠం చదవండి. ఇంకా రాయనివాళ్లు ముందు ఆ వారం పూర్తి చేసి రండి. ఇవాళ చెప్పేదంతా ఆ రాతల మీదే నడుస్తుంది.

పశువుకి పేరు పెట్టినంత సులువుగా గుణం కూడా అంటగడతాం. "అది తన్నే గేదె", "ఈ మేకకి పొగరు", "ఆ పెయ్య పిరికిది" అంటాం. ఒకసారి ఆ మాట పడ్డాక ఇక దాని బతుకంతా ఆ మాట కిందే. సంతలో ధర తగ్గుతుంది, ఇంట్లో కర్ర లేస్తుంది. చెడ్డపేరు మోస్తున్న గొడ్లలో ఎక్కువ భాగం భయపడ్డవో, నొప్పి పడుతున్నవో అని నా గట్టి నమ్మకం. నిజంగా పొగరున్నవి చాలా తక్కువ.

అందుకే ఈ పాఠంలో నేర్చుకునేది ఒక్కటే. పశువు ఏదైనా చేసినప్పుడు అది దాని స్వభావమా, ఆ పూట దాని అవస్థా అని తేల్చుకోవడం. ఒకే ప్రవర్తన వేరే రోజున, వేరే చోట, వేరే మనిషి దగ్గర కూడా కనిపిస్తే అది స్వభావం. ఒక్క చోటే, ఒక్క మనిషి దగ్గరే కనిపిస్తే ఆ చోటునో ఆ మనిషినో చూడాలి. నిన్నటిదాకా లేనిది ఇవాళ మొదలైతే ఒంటిని చూడాలి.

ముందు ఒళ్లు చూడండి

రోజూ కుదురుగా నిలబడే ఆవు ఇవాళ పాలు పితికేటప్పుడు తన్నిందంటే గుణం మారిపోయిందని కాదు. చన్నుల మీద పగుళ్లున్నాయేమో చూడండి. పొదుగు వేడిగా, గట్టిగా ఉందేమో అరచేత్తో నాలుగు వైపులా తాకండి. మొదటి ధారల్ని ఒక నల్లగుడ్డ మీద పితకండి. తరకలు, తెల్లటి పీచు కనిపిస్తే అది పొదుగువాపు, వెంటనే డాక్టరుకి కబురు చేయాల్సిన సంగతి. ముకుతాడు దగ్గర పుండు పడిందా, గిట్టల సందున రాయి ఇరుక్కుందా, తోక కింద గోమార్లు పట్టాయా అన్నది కూడా అప్పుడే చూసేయండి. జ్వరమానితో చూస్తే ఆవుకి సుమారు 38.5 డిగ్రీల సెల్సియస్ మామూలు వేడి.

ఇంకో సంగతి, ఆడపశువు 21 రోజులకోసారి ఎదకొస్తుంది. ఆ రోజు అరుస్తుంది, మేత మీద ధ్యాస ఉండదు, పక్కదాని మీదికి ఎక్కుతుంది, కట్టుతాడు తెంపుకోబోతుంది. మీ పుస్తకంలో "ఇవాళ తిక్కగా ఉంది" అని రాసిన తేదీలు మూడేసి వారాల ఎడంతో పడుతున్నాయేమో లెక్క చూసుకోండి.

గేదెల విషయంలో ఎండ కూడా చూడాలి. వాటికి చెమట గ్రంథులు ఆవులకంటే బాగా తక్కువ, నల్లతోలు ఎండని లాగేస్తుంది. మే నెల మధ్యాహ్నం రేకుల కింద కట్టేసిన గేదె కొమ్ము విసిరితే ఆ గేదె గురించి ఏమీ రాయొద్దు. చెరువులో దింపి, సాయంత్రం మళ్లీ చూసి రాయండి.

అడుగుల లెక్క

ఇప్పుడు మొదటి అభ్యాసం. దీన్ని కట్టేసిన పశువుతో చేయకూడదు. గుంజకు కట్టిన గొడ్డుకి వెనక్కి పోయే దారి లేదు కాబట్టి దాని అసలు మనసు బయటికి రాదు. దొడ్లో గానీ చేలో గానీ వదిలి ఉన్నప్పుడు, మేత మేసి నెమరేస్తున్న వేళ చేయండి.

ఆవుకి కళ్లు తలకి రెండు పక్కలా ఉంటాయి. మెడ తిప్పకుండానే చుట్టూ దాదాపు 330 డిగ్రీల మేర కనిపిస్తుంది. తోక వెనక కొద్దిపాటి మేర మాత్రం కనపడదు. మీరు అటునుంచి వెళితే ఎంత సాధుజంతువైనా ఉలిక్కిపడుతుంది, ఆ ఉలికిపాటు లెక్కలోకి రాదు. భుజానికి ఎదురుగా, పది పన్నెండు అడుగుల దూరం నుంచి మొదలుపెట్టండి. చేతులు కిందికి వేలాడనిచ్చి, కళ్లలోకి గుచ్చి చూడకుండా, ఒక్కో అడుగే వేయండి. తల ఎత్తి చెవులు మీ వైపు తిప్పిన చోట ఆగండి. మీకూ దానికీ మధ్య ఎన్ని అడుగులుందో గుర్తుపెట్టుకోండి. ఇంకొక్క అడుగు వేయండి. కాలు కదిపిందా? అక్కడే ఆగి, మెల్లగా వెనక్కి వచ్చేయండి. ఈ వెనక్కి రావడం చాలా ముఖ్యం. మనిషి ఆగుతాడు, వదిలేస్తాడు అని పశువుకి తెలియాలి.

మీరు అడుగు వేస్తే పశువు కదిలే ఆ హద్దు ఒక్కో పశువుకీ ఒక్కోలా ఉంటుంది. పశువుల్ని బెదరగొట్టకుండా నడిపించే పద్ధతిని ఈ హద్దు ఆధారంగా బోధించి ప్రసిద్ధురాలైన శాస్త్రవేత్త అమెరికాకు చెందిన టెంపుల్ గ్రాండిన్. హద్దు లోపల భుజానికి వెనకగా నిలబడితే పశువు ముందుకు నడుస్తుంది, భుజానికి ముందుగా వస్తే వెనక్కి తగ్గుతుంది అన్నది ఆమె చెప్పిన సూత్రం. దొడ్లో చేసి చూడండి, కర్ర అవసరం సగానికి సగం తగ్గుతుంది.

ఇదే పని మూడు వేర్వేరు రోజుల్లో చేయండి. ఒక రోజు ఇంట్లో ఇంకొకరి చేత, వేరే బట్టల్లో చేయించండి. అడుగులు రోజురోజుకీ తగ్గుతూ వస్తే ఆ పశువు తొందరగా నేర్చుకుంటుందన్నమాట. మీ దగ్గర రెండడుగులూ మరొకరి దగ్గర పదడుగులూ ఉంటే అది మనిషిని గుర్తుపట్టే పశువు. ఎవరు వెళ్లినా, ఎన్ని రోజులైనా పదడుగుల దగ్గరే కదిలిపోతుంటే అప్పుడు "బెదురు" అని రాయొచ్చు.

మా దొడ్లో ఒంగోలు పెయ్య ఒకటి ఉంది. దగ్గరికి వెళితే మెడ బారెడు ముందుకు చాస్తుంది, రెండు చెవులూ మీ మీదే నిలుపుతుంది, ముక్కుపుటాలు విప్పి బుసబుసమని వాసన లాగుతుంది. కాళ్లు మాత్రం వెనక్కి జరుగుతుంటాయి. చూసినవాళ్లంతా పిరికిది అంటారు. నిజానికి దాని కుతూహలమూ భయమూ రెండూ ఒకే క్షణంలో కనిపిస్తున్నాయి. మీరు కూర్చుని అటు తిరిగితే నిమిషం తిరక్కుండా వచ్చి చొక్కా నాకుతుంది. పిరికి పశువు అలా రాదు. పుస్తకంలో మెడ ఎటు ఉంది, కాళ్లు ఎటు ఉన్నాయి అని రెండూ విడివిడిగా రాయండి.

ఈ కొలతలు పెద్ద పశుశాలల్లోనూ ఉన్నాయి. బోను నుంచి వదలగానే పశువు ఎంత వేగంగా బయటికి దూకుతుందో కొలిచే పద్ధతిని ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు 1988లో ప్రచురించారు. బెదురు ఎక్కువైతే వేగం ఎక్కువ. ఈ గుణంలో కొంత భాగం తల్లిదండ్రుల నుంచి దిగుతుందని తర్వాతి పరిశీలనల్లో తేలింది. మన ఒంగోలు జాతి నుంచే బ్రెజిల్‌లో వృద్ధి చెందిన నెలోరె పశువుల మీద కూడా ఇలాంటి కొలతలు చేస్తున్నారు. కాబట్టి కోడెదూడని ఎంచేటప్పుడు తల్లిని పాలు పితికే వేళ ఒకసారి చూడటం మంచిది.

సుడి సంగతి చాలామంది అడుగుతారు. కొనేటప్పుడు నొసటి సుడి చూడటం మనకు పాత అలవాటు. గ్రాండిన్ బృందం 1995లో ఇదే విషయం పరిశీలించి, సుడి కళ్లకంటే పైన ఉన్న పశువులు పట్టుకున్నప్పుడు ఎక్కువ గింజుకున్నాయని రాసింది. అది గుంపు మొత్తం మీద కనిపించిన ధోరణి. మీ ఎదుట ఉన్న ఒక్క ఆవు గురించి సుడికంటే మీ అడుగుల లెక్కే ఎక్కువ చెబుతుంది.

పాల దగ్గర తేలే స్వభావం

గేదెలున్న ఇంట్లో స్వభావం పూర్తిగా బయటపడేది చేపు దగ్గరే, అంటే పశువు పొదుగులోకి పాలు దింపే వేళే. దీని లోపలి పని కాస్త తెలుసుకోవాలి. దూడ కుడిచినా, చేత్తో చన్ను నిమిరినా మెదడు నుంచి ఆక్సిటోసిన్ అనే హార్మోను విడుదలై రక్తంలో కలిసి పొదుగును చేరుతుంది, పాలు కిందికి దిగుతాయి. దాని ప్రభావం కొద్ది నిమిషాలే. భయపడితే అడ్రినలిన్ వచ్చి ఆ పనికి అడ్డుపడుతుంది. ఆవుకి పొదుగు కింది తిత్తిలో ముందుగానే దిగి ఉండే పాలు 20 శాతం దాకా ఉంటాయి. గేదెకి సుమారు 5 శాతమే. అంటే గేదె మనసు పెట్టి చేపితేనే పాలు, లేకపోతే చెంబు అడుగు కూడా తడవదు. ఆవులు భయపడే మనిషిని పాలు తీసేటప్పుడు దగ్గర నిలబెట్టి చూసిన ఒక ప్రయోగం 1999లో వచ్చింది. ఆ మనిషి ఉన్న పూట పొదుగులో మిగిలిపోయిన పాలు 70 శాతం పెరిగాయి. కొట్టిన చేయి ఎవరిదో పశువుకి తెలుసు.

మా కొట్టంలో పక్కపక్క గుంజలకి రెండు ముర్రా గేదెలున్నాయి. ఒకటే వయసు, ఒకటే మేత. రెండూ అప్పుడప్పుడు పాలు ఎగచేపుతాయి, అంటే దింపకుండా బిగబడతాయి, కానీ కారణాలు వేరు. నల్లమ్మకి ఎవరు కూర్చున్నా ఫరవాలేదు, వరస మాత్రం తప్పకూడదు. ముందు తవుడు గంప ముందుకి రావాలి, తర్వాత దూడని వదలాలి, ఆ తర్వాత పొదుగు మీద నీళ్లు చల్లాలి. తవుడు కలపకముందే దూడ తాడు విప్పితే తల పక్కకి తిప్పుకుని నిలబడుతుంది, ఎంత నిమిరినా చుక్క రాదు. గౌరికి వరసతో పనిలేదు, మనిషి కావాలి. అమ్మ పెళ్లికో పేరంటానికో ఊరెళితే నాన్న అమ్మ పాత చీర భుజాన కప్పుకుని కూర్చుంటారు. గౌరి వెనక్కి మెడ తిప్పి ఆ కొంగు వాసన చూస్తుంది. అప్పుడు కూడా సగమే ఇస్తుంది, కానీ ఇస్తుంది.

మీ గేదె ఎగచేపుతుంటే దానికి ఏది కావాలో ఇలా పట్టుకోండి. రెండు రోజులు అన్నీ మామూలుగా చేయండి. మూడో రోజు ఒక్కటే మార్చండి: మనిషిని, లేదా వేళని, లేదా వరసని. మళ్లీ రెండు రోజులు మామూలు, తర్వాత ఇంకొకటి. ఒకే రోజు రెండు మార్చితే ఏది పనిచేసిందో మీకు తెలియదు. చేపడానికి సూది వేసే దారి మాత్రం వద్దు. రోజూ సూదికి అలవాటు పడ్డ పశువు తనంతట చేపడం తగ్గించుకుంటుంది, దాని గుణం మీరు ఎప్పటికీ చూడలేరు.

మేకలు, కోళ్లు

మేకలకి చిన్న పరీక్ష చాలు. ఒక గంపని బోర్లించి దాని కింద సుబాబుల్ కొమ్మ పెట్టండి, అంచు బయటికి కనిపించేలా. మీరు పక్కనే నిలబడండి. ఒకటి కొమ్ముతో నెడుతుంది, ఒకటి కాలితో తవ్వుతుంది. మరొకటి గంప వైపు, మీ ముఖం వైపు మార్చి మార్చి చూస్తుంది. తెరవలేని పెట్టె ముందు మేకలు ఇలాగే మనిషి వంక చూస్తాయని లండన్ క్వీన్ మేరీ విశ్వవిద్యాలయం వాళ్లు 2016లో ప్రచురించారు. మొండిగా అరుస్తుందని మీరు విసుక్కునే మేక మిమ్మల్ని సాయం అడుగుతూ ఉండొచ్చు. గొర్రెల్ని కూడా తక్కువ అంచనా వేయకండి. తోటి గొర్రెల ముఖాలు 50 దాకా రెండేళ్లపాటు గుర్తుంచుకుంటాయని 2001లో బ్రిటన్ శాస్త్రవేత్తలు చూపించారు.

కోళ్లలో వరసనీ గుణాన్నీ కలిపేయకండి. ఎవరు ఎవరిని పొడవాలో గుంపులో ఒక వరస ఉంటుందని 1921లో నార్వే శాస్త్రవేత్త షెల్డెరప్-ఎబ్బె వివరించారు. పైవరస పెట్ట అంటే కోపిష్ఠి అని అర్థం కాదు. తన స్థానం ఖాయమైన పెట్ట చాలాసార్లు మెడ ఒకసారి ఎత్తి ఊరుకుంటుంది. మధ్య వరసలోవే ఎక్కువ పోట్లాడతాయి. మీ కుడితి తొట్టి రాతల్ని కూడా ఈ కంటితో మరోసారి చూడండి: ముందు మూతి పెట్టిన గేదె కొమ్ము విసిరి వచ్చిందా, రాగానే మిగతావి తప్పుకున్నాయా?

ఈసారి ఇంటిపని

రెండు పశువుల్నే ఎంచుకోండి. ఒకటి మీకు బాగా ఇష్టమైనది, ఒకటి మీ ఇంట్లో చెడ్డపేరున్నది. పేజీకి నాలుగు గడులు గీయండి: తేదీ, చోటు, దగ్గరున్న మనిషి, చేసిన పని. చివరి గడిలో "తిక్క", "పొగరు", "మంచిది" లాంటి మాటలు రాయొద్దు. "ఎడమ వెనక కాలు ఎత్తింది", "రెండడుగులు వెనక్కి జరిగింది" అని కంటికి కనిపించిందే రాయండి. రెండు వారాలు నిండాక ఒకే తీరు మూడు చోట్ల కనిపిస్తే, అప్పుడు పేజీ కింద ఒక్క మాట రాయండి. మూడు చోట్ల కనిపించకపోతే ఖాళీగా వదిలేయండి, ఇంకో రెండు వారాలు చూద్దాం.

నాలుగో పాఠం బెదురు పశువుని మచ్చిక చేసుకోవడం గురించి. దానికి కొబ్బరిపీచు, నిమ్మకాయంత బెల్లం ముక్కలు కొన్ని సిద్ధం చేసుకోండి. ఈలోగా బెల్లం చేత్తో పెట్టడం మాత్రం మొదలుపెట్టకండి. అడుగుల లెక్క చెడిపోతుంది.