మొదటి ఎయిర్ రైఫిల్ సెటప్ – పాఠం 4: రైల్, సైట్, ఇంకా ఆ అడాప్టర్ గొడవ

పాఠం 3 చదివి సైట్లు కొన్నోళ్లు పంపిన ఫోటోలన్నీ చూసిన. సైట్ అంటే గురి చూసే పరికరం, రైల్ అంటే రైఫిల్ మీద దాన్ని బిగించే పట్టీ. చాలామంది రైఫిళ్ల మీద వెనక సైట్ ఒక మెట్టు ఎక్కి కూర్చుంది, ముందు సైట్ కిందనే ఉంది, "అన్నా పెల్లెట్లు టార్గెట్ కార్డుకే తగుల్తలేవు, బ్యారెల్ వంకర ఉందా" అని అడుగుతున్నరు. బ్యారెల్ మంచిగనే ఉంది. పోయినసారి నేను "రైల్ చూసి సైట్ కొనండి" అని ఒక్క లైన్ల చెప్పి వదిలేసిన, అది సరిపోలేదు. ఈ పాఠంల ఇన్సర్టులు (ముందు సైట్‌ల పెట్టే రింగులు), ఐరిస్ (వెనక సైట్‌ల చూసే రంధ్రం, చిన్నగ పెద్దగ చేసుకోవచ్చు) వివరంగా చెప్దామనుకున్న గానీ ముందు ఈ రైల్ సంగతి తేల్చుకోవాలె.

కొత్తగ చేరినోళ్ల కోసం ఒక మాట. మనం మాట్లాడేది 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ గురించే. 2016 ఆర్మ్స్ రూల్స్ ప్రకారం 4.5 మిమీ బోర్ (బ్యారెల్ లోపలి రంధ్రం), 20 జౌల్స్ శక్తి దాటని ఎయిర్ గన్‌కి లైసెన్స్ అక్కర్లేదు, మ్యాచ్ రైఫిల్ (పోటీల వాడేది) ఎట్లాగూ 8 జౌల్స్ దగ్గరనే ఉంటది. అట్లని డాబా మీద కాల్చుకోవచ్చని కాదు, పెల్లెట్ పక్కింటి కిటికీ దాక పోతది. రేంజ్‌లనే కాల్చండి.

రైల్ అంటే మన రైఫిళ్లల్ల రెండు రకాలే. మ్యాచ్ రైఫిల్ రిసీవర్ (బ్యారెల్ వెనక ఉండే భాగం) పైన రెండు పక్కల సన్నటి గాడి ఉంటది, అది 11 మిమీ డవ్‌టెయిల్. రెండోది పికటిని, వెడల్పుగ ఉండి అడ్డంగ గాళ్లు గాళ్లుగ ఉంటది, ఒక్కో గాడి 5.23 మిమీ, ఒక గాడి నుంచి ఇంకో గాడికి 10 మిమీ. ఈ పికటినిని 1995ల అమెరికా మిలిటరీ స్టాండర్డ్ చేసిన్రు, అది వాళ్ల తుపాకుల కోసం. 10 మీటర్ల పీప్ సైట్లు (చిన్న రంధ్రంలకెల్లి చూసే వెనక సైట్లు, డయాప్టర్ అన్నా ఇదే) దాదాపు అన్నీ 11 మిమీ గాడికే చేస్తరు. రైఫిల్ పైన పికటిని ఉంటే అది స్కోప్ పెట్టుకునేటోళ్ల కోసం చేసిన మోడల్ అని అర్థం, మ్యాచ్‌కి అది తీస్కోకండి, ఇక దాని గురించి ఎక్కువ మాట్లాడ.

ఇగ అసలు బాధ ఇక్కడుంది. రైల్ ఒక రకం, సైట్ ఇంకో రకం వచ్చిందని ఆన్‌లైన్‌ల అడాప్టర్ (రెండింటినీ కలిపే ముక్క) తెప్పించుకుంటున్నరు, మూడు నాలుగొందలకు దొరుకుతది కదా అని. అది బిగిస్తే సైట్ గట్టిగనే కూర్చుంటది, చూడనీకి కూడా బాగుంటది, కానీ వెనక సైట్ 8 మిమీ పైకి లేస్తది. 8 మిమీ ఎంత, చిటికెన వేలు మందం కూడా లేదు అనుకుంటరు. లెక్క చూడండి. ముందు సైట్‌కి వెనక సైట్‌కి మధ్య దూరం 700 మిమీ అనుకుందాం. టార్గెట్ 10,000 మిమీ దూరంల ఉంది. 10,000ని 700తో భాగిస్తే 14 చిల్లర. అంటే వెనక సైట్ 1 మిమీ పైకి లేస్తే పెల్లెట్ 14 మిమీ పైకి పోతది. 8 మిమీ లేస్తే 114 మిమీ. కార్డు మొత్తం 80 మిమీ చదరం, మధ్యల నుంచి పై అంచుకి 40 మిమీ! అంటే మీ పెల్లెట్ కార్డు దాటి పైన గోడకు పోతుంది, మీరేమో బ్యారెల్ వంకర అంటున్నరు.

"మరి సైట్ కిందికి తిప్పుకోవచ్చు కదా" అని అడిగిన్రు. తిప్పండి, కొంత దూరం దిగుతది, తర్వాత ఆగిపోతది. ఆగినంక బలవంతం చేస్తే లోపల థ్రెడ్ పోతది. ఒక అబ్బాయి అట్లనే చేసిండు, దాదాపు కొత్త డయాప్టర్, నాకు మనసు చివుక్కుమంది.

సరే, అప్పటికే వెనక పైకి లేపేసినోళ్లు ఏం చేయాలె? ముందు కూడా అంతే లేపాలె. ఎంత లేస్తే అంత, 8 అంటే 8. అందుకే రైజర్ బ్లాకులు (సైట్ కింద పెట్టే ఎత్తు ముక్కలు) జతగ అమ్ముతరు, ఒకటి ముందుకి ఒకటి వెనక్కి, ఒక్కటే కొన్నోళ్లు డబ్బులు పోగొట్టుకున్నట్టే. రెండూ సమానంగ లేస్తే చూపు గీత మళ్ల పాత గీతకి సమాంతరంగ వస్తది, పెల్లెట్ సుమారు 8 మిమీ కిందికి పడ్తది అంతే, అది సైట్ మర కొన్ని క్లిక్కులు తిప్పితే సరిపోతది. మెడ పొడుగున్నోళ్లకి, తల బాగ వంచాల్సి వస్తున్నోళ్లకి నేనే రైజర్ పెట్టమంట. కానీ మెడకి అవసరమై లేపుడు వేరు, తప్పు రైల్ కొని లేపుడు వేరు.

ఇంకో సంగతి, రైఫిల్ పక్కకి ఒరిగినా నష్టమే. పెల్లెట్ 10 మీటర్లల 17 మిమీ దాక కిందికి దిగుతది. రైఫిల్ 5 డిగ్రీలు ఒరిగితే షాట్ సుమారు 1.5 మిమీ పక్కకి పోతది. మన కార్డు మీద రింగుకి రింగుకి మధ్య 2.5 మిమీ, అంటే సగం రింగు కంటే ఎక్కువే. 10.9 కొట్టాల్సింది 10.3 దగ్గరికి పడిపోతది. హైదరాబాద్‌ల పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్‌ల 701.1తో కాంస్యం గెలిచిండు, రజతం వచ్చినాయనకు 701.5. 0.4 తేడా. మనం సగం రింగు ఊరికే పారేస్తున్నం.

కొనే ముందు క్యాలిపర్‌తో గాడి కొలవండి. సికింద్రాబాద్ రాణీగంజ్‌ల హార్డ్‌వేర్ షాపుల్ల డిజిటల్ క్యాలిపర్ దొరుకుతది, ఇంట్ల ఉంటే పదేళ్లు పనికొస్తది. "11 మిమీ" అని డబ్బా మీద రాసి ఉన్నా కొన్ని గన్‌లల్ల కొంచెం తేడా ఉంటది, అప్పుడు సైట్ బిగించినట్టే అనిపిస్తది గానీ రెండొందల షాట్లకు జరుగుతది. బిగించినంక రైల్ మీద పెన్సిల్‌తో చిన్న గీత పెట్టండి, జరిగితే గీత చెప్తది. నాదైతే ఇప్పటికీ ఆ గీత మీదనే నమ్మకం.

స్కోప్ గురించి అడిగినోళ్లకి: 10 మీటర్ల మ్యాచ్‌ల స్కోప్ నడవదు. స్ప్రింగ్ గన్ మీద మామూలు స్కోప్ పెడ్తే ఇంకా నష్టం, స్ప్రింగ్ గన్ ముందుకి వెనక్కి రెండు దిక్కుల కుదుపుతది, మామూలు స్కోప్ దానికి తట్టుకోదు.

ఇప్పుడు ముందు సైట్ ఇన్సర్ట్. కార్డు మీది నల్ల గుండ్రం 30.5 మిమీ. కంటి నుంచి ముందు సైట్ దాక 800 మిమీ అనుకుంటే, ఆ నలుపు మీ ఇన్సర్ట్ దగ్గర సుమారు 2.4 మిమీ అంత కనబడ్తది. 4.0 రింగ్ పెడ్తే చుట్టూ 0.8 మిమీ తెల్లగ మిగుల్తది, కన్నుకి హాయిగుంటది. కొత్తోళ్లు 3.2, 3.4 పెట్టుకొని "టైట్‌గ ఉంటే కరెక్ట్‌గ తగుల్తది" అంటరు. రింగు చిన్నదైతే చేయి కదిలినప్పుడల్ల నలుపు అంచుకి తాకుతది, భయమేసి ట్రిగర్ ఆపుతరు, ఆపి ఆపి చివరికి గుంజేస్తరు. 4.0తో మొదలుపెట్టండి, నేనైతే 4.2 దాక కూడా వెళ్లమంట. వెనక ఐరిస్ 1.1 దగ్గర పెట్టుకోండి, వానకాలం మబ్బుల రేంజ్ చీకటిగుంటే 1.2, 1.3కి తెరవండి.

ఇంకొక్కటి, దీని మీద కూడా మెసేజ్‌లు చాలా వచ్చినయ్. జర్మన్ డయాప్టర్ల మీద హెచ్, టి, ఎల్, ఆర్ అని ఉంటది. హెచ్ అంటే హోఖ్, పైన. దాన్ని "పైకి పంపాలంటే హెచ్ వైపు తిప్పాలె" అని చదువుతున్నరు. అట్ల కాదు. "షాట్ పైన పడ్తే హెచ్ వైపు తిప్పు" అని దాని అర్థం, తిప్పితే కిందికొస్తది. టి అంటే టీఫ్, షాట్ కింద పడ్తే అటు. ఎల్, ఆర్ కూడా అంతే. ఆ అక్షరం షాట్ ఎక్కడ పడ్డదో చెప్తది, ఎటు పోవాలెనో కాదు. మీది వేరే కంపెనీ అయితే నా మాట కూడా నమ్మకండి, ఐదు షాట్లు కొట్టి, 10 క్లిక్కులు ఒక దిక్కు తిప్పి, మళ్ల ఐదు కొట్టి చూడండి, గుంపు ఎటు జరిగిందో నోట్‌బుక్‌ల రాసుకోండి. పది పెల్లెట్లతో తేలిపోయే దానికి రెండు వారాలు తికమక పడొద్దు.

ప్రాక్టీస్. ఈసారి పెల్లెట్లు తక్కువ, ఓపిక ఎక్కువ. మీ రైఫిల్ మీద మూడు కొలతలు తీయండి: గాడి వెడల్పు, ముందు వెనక సైట్ల మధ్య దూరం, సైట్ రంధ్రం నడిమి బిందువు బోర్‌కి ఎంత ఎత్తుల ఉందో. ఆ అంకెలతో నేను పైన చేసిన లెక్క మీరే చేసి, 1 మిమీకి మీ షాట్ ఎంత జరుగుతదో రాయండి. తర్వాత పది రోజులు, రోజుకి ఇరవై నిమిషాలు, రైఫిల్ ఖాళీ అని రెండుసార్లు చూసుకొని, ఖాళీ తెల్లగోడ మీద నిలబడి ఎయిమ్ పట్టండి, రింగు వెనక ఐరిస్ మధ్యల గుండ్రంగ కూర్చుందా లేదా అదొక్కటే చూడాలె, టార్గెట్ అసలు వద్దు. మ్యాచ్ రైఫిల్‌కి డ్రై ఫైర్ ఏర్పాటు ఉంటే ట్రిగర్ కూడా నొక్కండి. స్ప్రింగ్ గన్ ఉన్నోళ్లు మాత్రం ఖాళీగ కొట్టొద్దు, ముందు గాలి అడ్డం లేక పిస్టన్ నేరుగ పోయి గుద్దుకొని సీల్ పాడైతది, మీరు పట్టి ఉంచి దించేయండి చాలు.

అడాప్టర్ ఉన్నోళ్లు అది తీసేసినంకనే, లేకపోతే ముందు సైట్ కూడా అంతే లేపినంకనే ఇవి మొదలుపెట్టండి. పాఠం 5ల బట్ ప్లేట్ (భుజానికి ఆనేది), చీక్ పీస్ (చెంప ఆనేది) చూద్దాం, ఆ మూడు కొలతల కాగితం దగ్గర పెట్టుకోండి, దాంతోనే మొదలుపెడ్తం.