గొడవలున్న దేశంలో సేవ చేసే మనవాళ్లకి ఎంబసీ సాయం అందాలంటే

1866లో అమెరికా మిషనరీ క్లౌ దొర సేవకని ఒంగోలు వచ్చాడు, ఇప్పుడు కావలి, కందుకూరు వైపు నుంచి మనవాళ్లే సేవకని బయటి దేశాలకి వెళ్తున్నారు. మీ ఇంట్లోనో సంఘంలోనో అలాంటి పాస్టరుగారో సిస్టరో ఉంటే ఈ పనులు ఇవాళే చూడండి.

అన్నిటికంటే ముందు, అక్కడి భారత ఎంబసీలో పేరు నమోదు చేయించాలి. అల్లర్లు మొదలయ్యాక నెట్ పోతుంది, ఫోన్లు కలవవు, అప్పుడు ఎంబసీ దగ్గరున్న లిస్టే ఆధారం. మనవాళ్లలో చాలామందికి బాప్తిస్మం పేరు ఒకటి, పదో తరగతి సర్టిఫికెట్‌లో పేరు ఇంకొకటి. సంఘంలో అందరూ సిస్టర్ గ్రేస్ అంటారు, పాస్‌పోర్టులో ఇంటిపేరుతో సహా వేరే పేరుంటుంది, ఇంట్లోవాళ్లు కంగారులో గ్రేస్ అని మెయిల్ పెడితే ఎంబసీవాళ్లకి ఆ మనిషి దొరకదు. అందుకే పాస్‌పోర్టు, వీసా పేజీల జిరాక్సులు, అక్కడి అడ్రసు, పక్కింటివాళ్ల నంబరు, రోజూ వేసుకునే మందుల పేర్లు ఒక కవర్లో పెట్టి బీరువాలో ఉంచండి.

వీసా కూడా చూసుకోండి. విజిట్ వీసా మీద వెళ్లి సువార్త చెప్తూ పట్టుబడితే అక్కడి చట్టం ప్రకారం కేసు పెడతారు, దాన్ని ఎంబసీ కొట్టేయించలేదు. కానీ అరెస్టయిన మనిషి "మా ఎంబసీకి చెప్పండి" అని అడగొచ్చు. 1963 వియన్నా ఒప్పందంలో 36వ ఆర్టికల్ ఇచ్చిన హక్కు అది. ఎంబసీ అధికారులు జైలుకొచ్చి కలవొచ్చు, లాయరును ఏర్పాటు చేయొచ్చు.

బయల్దేరమని ఎంబసీ చెప్పాక ఆగొద్దు. సంఘాన్ని వదిలి రావడం ఎంత కష్టమో తెలుసు, అయినా చెప్తున్నాను. 2015లో యెమెన్ నుంచి మన ప్రభుత్వం వేలమందిని తరలించింది. ఆ తర్వాత కూడా అక్కడ సేవ చేస్తున్న కేరళ కాథలిక్ ఫాదర్ టామ్‌ను 2016 మార్చిలో ఏడెన్‌లో ఎత్తుకెళ్లారు. అప్పటికి అక్కడ మన ఎంబసీ పనిచేయడం లేదు, చివరికి ఒమన్ కలగజేసుకుంటే 2017 సెప్టెంబరులో బయటపడ్డారు. 2023లో సూడాన్‌లో అయితే ఖార్టూమ్ నుంచి పోర్ట్ సూడాన్ దాకా 800 కిలోమీటర్లు పైగా బస్సుల్లో తెచ్చి, అక్కడి నుంచి సౌదీలోని జెడ్డా చేర్చారు. పాస్‌పోర్టు పోయినా భయపడొద్దు, ఇండియా రావడానికి ఎంబసీ ఎమర్జెన్సీ సర్టిఫికెట్ ఇస్తుంది.

ఇక్కడున్నవాళ్లు విదేశాంగ శాఖవాళ్ల మదద్ పోర్టల్లో ఫిర్యాదు పెట్టి, బయటి దేశాల్లోని తెలుగువాళ్ల కోసం ఉన్న ఆంధ్ర ప్రభుత్వ సంస్థ ఏపీఎన్ఆర్‌టీఎస్‌కి, కలెక్టరాఫీసుకి కూడా చెప్పండి. ప్రార్థన వాట్సాప్ గ్రూపుల్లో మాత్రం వాళ్లు దాక్కున్న చోటు, పాస్‌పోర్టు ఫొటో పెట్టకండి, పేరు చెప్పి ప్రార్థన అడిగితే చాలు.