చలి ముదిరిన రాత్రుల్లో కుంపటి గదిలో పెట్టొద్దు

ఆదిలాబాద్, ఆసిఫాబాద్, నిర్మల్ వైపు డిసెంబర్, జనవరి నెలల్లో రాత్రి ఉష్ణోగ్రత 10 డిగ్రీల కిందికి దిగడం మామూలే. ఉత్తరం నుంచి పొడిగాలి వీస్తుంది, మబ్బు ఉండదు, పగటి వేడి నిలవదు. అయితే ఆ చలి కన్నా ముందు భయపడాల్సింది మూసిన గదిలో పెట్టుకునే కుంపటికి.

పొగ పోయాక నిప్పులు లోపలికి తెచ్చుకుంటే ఏం కాదనుకుంటారు చాలామంది. కణకణలాడే బొగ్గుల నుంచి కూడా కార్బన్ మోనాక్సైడ్ వస్తూనే ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలో ఆక్సిజన్ ఉండాల్సిన చోటును అది పట్టేసుకుంటుంది. తలనొప్పి, వికారం, కళ్లు తిరగడం మొదటి గుర్తులు. నిద్రలో ఉన్నవాళ్లకు అవీ తెలియవు. బాలింత గదిలో కుంపటి పెట్టే అలవాటు ఇంకా ఉన్న ఇళ్లలో దాన్ని ఈ ఏడే మానేయండి. చలిమంట ఆరుబయటే కాగండి, పడుకునే ముందు నీళ్లు చల్లి పూర్తిగా ఆర్పండి.

ఎవరైనా మత్తుగా పడి ఉంటే ముందు తలుపులు బార్లా తీసి వాళ్లను బయటి గాలికి తేవాలి, వెంటనే 108కి ఫోన్ చేయాలి. స్పృహ లేకపోయినా ఊపిరి ఆడుతుంటే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. నోట్లో నీళ్లు పోయొద్దు.

మరి వెచ్చదనం ఎట్లా? నేల మీద పడుకునేవాళ్లు పైన ఎన్ని రగ్గులు కప్పుకున్నా వెన్ను చల్లబడుతుంది, బండలు ఒంటి వేడిని లాగేస్తాయి కాబట్టి. కింద రెండు పొరలు గోనెసంచులు, వాటి మీద చాప, ఆపైన బొంత వేయండి. కప్పుకోవడానికి గొంగడికి మించింది లేదు. లోపల పొడి నూలు బట్ట, పైన స్వెటర్, తలకు మఫ్లర్. వేడినీళ్ల సీసా పెట్టుకుంటే మూత గట్టిగా బిగించి, తువ్వాలు చుట్టండి, ఒంటికి నేరుగా తగలొద్దు. పసిబిడ్డను తల్లి ఎదకు ఆనించి పడుకోబెడితే చాలు, ముఖం మీద దుప్పటి పడకుండా చూడాలి.

సారా తాగితే వెచ్చగా అనిపిస్తుంది గానీ చర్మం కింది రక్తనాళాలు తెరుచుకుని ఒంట్లో వేడి బయటికి పోతుంది. వణికే మనిషి వణుకు ఆగి మాట తడబడితే అది తగ్గినట్టు కాదు, ముదిరినట్టు. తడి బట్టలు తీసేసి, పొడి దుప్పట్లు చుట్టి ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

బీపీ, గుండె జబ్బు ఉన్న పెద్దలు ఎండ వచ్చాకే నడకకు వెళ్లాలి. తెల్లవారుజామున చలికి నాళాలు ముడుచుకుని బీపీ పెరుగుతుంది.

పొగమంచులో బండి నడిపితే లైటు డిమ్‌లోనే ఉంచండి, హై బీమ్ మంచుకు తగిలి కళ్లలోకే కొడుతుంది. పత్తి లోడు ట్రాక్టర్ల వెనక ఎర్ర రిఫ్లెక్టర్ స్టిక్కర్లు అంటించండి. బోరెం (గోనెపట్టా) కింద అవి దాగిపోకూడదు.