రీసేల్ ఫ్లాటు: బయానా ఇచ్చే ముందు ఒక్కసారి వానలో చూడండి

ఫ్లాటు నచ్చగానే చాలామంది ఈసీ (ఆస్తి మీద తాకట్లు, లావాదేవీలు చూపే పత్రం) తీయిస్తారు, వాస్తు చూపిస్తారు. రెండూ చేయించుకోండి. కానీ గోడల్లో చెమ్మ ఉందో లేదో ఈసీలో ఉండదు. బయానా ఇవ్వకముందే ఒక సివిల్ ఇంజనీరునీ, ఒక ఎలక్ట్రీషియన్‌నీ వెంటబెట్టుకుని రెండు మూడు గంటలు ఇల్లు చూడండి. డబ్బు చేతులు మారాక ఏ లోపం చూపించినా బేరం మీ చేతిలో ఉండదు.

ఆషాఢంలో ఇల్లు కొనడానికి మనవాళ్లు ఇష్టపడరు. చూడటానికి మాత్రం అదే మంచి అదను, వానలు మొదలై ఉంటాయి కాబట్టి. గట్టి వాన పడిన మర్నాడు వెళ్లండి. కొత్తగా రంగులు వేసిన ఇల్లయితే మరీ జాగ్రత్త.

టార్చిలైటును గోడకు ఆనించి, వెలుతురు గోడ వెంబడే పడేలా పట్టుకోండి. ఎదురుగా నున్నగా కనిపించిన గోడ మీదే ఉబ్బులూ, పెచ్చులూడిన చోట పెట్టిన లప్పం అంచులూ నీడలతో సహా బయటపడతాయి. బాత్రూమ్‌కు అవతలి వైపు గోడను ఇలా తప్పకుండా చూడాలి. అక్కడ వార్డ్‌రోబ్ ఉంటే కింది సొరుగు పూర్తిగా బయటికి లాగి, వెనక ప్లైవుడ్‌ను తడమండి. అది ఉబ్బినా, బూజు వాసన వచ్చినా టైల్స్ సందుల్లోంచో, గోడలోని పైపులోంచో నీరు దిగుతున్నట్టే.

మీ బాత్రూమ్ లీకైతే మీరే బాగుచేయించుకోవచ్చు. పై అంతస్తు నుంచి కారుతుంటే మాత్రం పైవాళ్లు తమ బాత్రూమ్ పగలగొట్టడానికి ఒప్పుకుంటే తప్ప ఆగదు. ఫాల్స్ సీలింగ్ ఉంటే ఒక పలక తీయించి, స్లాబు అడుగునా పైపుల చుట్టూ తెల్లటి ఉప్పు పేరుకుందేమో చూడండి. పలక తీయడానికి అమ్మేవాళ్లు ఒప్పుకోకపోతే ఆ ఫ్లాటు వదులుకోవడమే మేలు.

బాత్రూమ్‌లో, బాల్కనీలో ఒక్కో బకెట్ నీళ్లు పోసి ఐదు నిమిషాలు ఆగండి. మధ్యలో మడుగు నిలిస్తే వాలు సరిగా లేదు. టైల్స్‌ను రూపాయి బిళ్లతో తట్టండి, డొల్లగా మోగేవి ముందు ముందు లేస్తాయి.

పగుళ్లన్నీ ప్రమాదం కాదు. బీమ్ కింద గోడ కలిసేచోట సన్నటి అడ్డగీత మామూలే, ఇటుక, కాంక్రీటు వేడికి ఒకేలా వ్యాకోచించవు. భయపడాల్సింది సెల్లార్ పిల్లర్ల మీద ఊచ వెంబడి నిలువునా సాగే పగులుకు, పక్కన తుప్పు మరకకు. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బి పైనున్న కాంక్రీటును బయటికి నెడుతుంది. పైన సిమెంటు పూసినంత మాత్రాన లోపల తుప్పు ఆగదు. ఒకటి రెండు పిల్లర్లకే కొత్త ప్లాస్టరింగ్ కనిపిస్తే ఎందుకు చేశారో అడగండి, ఇంజనీరు చేత సుత్తితో తట్టించి చూడండి.

కరెంటు దగ్గర మల్టీమీటర్ కావాలి. ఫేజ్, న్యూట్రల్ మధ్య సుమారు 230 వోల్టులు, ఫేజ్, ఎర్త్ మధ్య కూడా దాదాపు అంతే చూపాలి. రెండోది బాగా తక్కువ చూపితే ఎర్తింగ్ సరిగా లేదు, గీజర్‌తో ప్రాణాల మీదికొస్తుంది. ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపే స్విచ్) 30 మిల్లీ ఆంపియర్లది ఉండాలి, టెస్ట్ బటన్ నొక్కగానే పడిపోవాలి. ఏసీకి 4 చదరపు మిల్లీమీటర్ల వైరు మంచిది. 2.5 వైరుకు 32 ఆంపియర్ల ఎంసీబీ (లోడు మితిమీరితే కరెంటు ఆపే స్విచ్) బిగించి ఉంటే అది పడేలోపే వైరు వేడెక్కి కాలుతుంది.

బోరు నీటిని టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాల మొత్తం) మీటరుతో చూడండి. బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ప్రకారం తాగునీటికి లీటరుకు 500 మిల్లీగ్రాముల దాకా మంచిది, వేరే దారి లేకపోతే 2000 దాకా పరిమితి. నల్లగొండ వైపైతే ఫ్లోరైడ్‌కు ల్యాబ్ పరీక్ష తప్పనిసరిగా చేయించండి. ఏప్రిల్, మే నెలల్లో ట్యాంకర్లకు ఎంత ఖర్చయిందో అసోసియేషన్ లెక్కల పుస్తకంలో అడిగి చూడండి.

రెరాలో (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నమోదైన ప్రాజెక్టు అయి, మొదట అప్పగించిన రోజు నుంచి ఐదేళ్లు నిండకపోతే, నిర్మాణ లోపాలను బిల్డరే 30 రోజుల్లో ఉచితంగా సరిచేయాలి. తర్వాత కొన్నవారికీ ఈ హక్కుంది. ఐదేళ్లు దాటితే, దొరికిన ప్రతి లోపాన్నీ, ఎవరు ఏ తేదీలోపు బాగుచేయించాలో, చేయకపోతే ధరలో ఎంత తగ్గించాలో బయానా అగ్రిమెంటులోనే రాయించండి.