బెంగళూరు మిద్దె మీద జిన్నియా

బంతి విత్తనం మొలిపించిన చేతికి జిన్నియా కొత్తగా అనిపించదు. వారం తిరక్కుండానే మొలకొస్తుంది. అసలు పని తర్వాతే ఉంది: పూసేదాకా ఆకు తెల్లబడకుండా కాపాడుకోవడం.

ఎప్పుడు వేయాలన్నదానికి గణతంత్ర, స్వాతంత్ర్య దినాల సందర్భంగా ఊళ్లోని లాల్‌బాగ్ తోటలో జరిగే పూల ప్రదర్శనలే మంచి క్యాలెండరు. విత్తిన 60 నుంచి 75 రోజుల్లో తొలి పువ్వు విచ్చుకుంటుంది. జనవరి 26కి పూలు కావాలంటే నవంబరు తొలి పక్షంలో, ఆగస్టు 15కి కావాలంటే జూన్ తొలి వారంలో విత్తాలి. ఆగస్టు, సెప్టెంబరుల్లో వేయకపోవడమే మేలు. మొక్క గుబురు కట్టే సమయానికి ఈ ఊరి జోరువానలు పడతాయి.

రోజుకు ఆరు గంటల ఎండ తగలాలి. పొద్దున రెండు గంటలు వెలుగొచ్చి పోయే బాల్కనీలో మొక్క సన్నగా సాగి, ఒకటీ అరా పూసి ఊరుకుంటుంది.

మట్టికి రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు వర్మీకంపోస్ట్ (వానపాముల ఎరువు), ఒక పాలు కోకోపీట్ (కొబ్బరిపీచు పొట్టు). 12 అంగుళాల కుండీకి గుప్పెడు వేపపిండి. వానాకాలంలో కోకోపీట్ సగానికి తగ్గించి ఆ మేరకు ఇసుక కలపండి. పొడవు రకమైతే కుండీకి ఒకటే మొక్క, పొట్టి రకమైతే రెండు. మడిలో పొడవు రకాలకు ఎడం 30 సెంటీమీటర్లు. చిన్నప్పుడు మడి బోడిగా కనిపిస్తుంది, తొందరపడి మధ్యలో ఇంకోటి గుచ్చకండి.

నారు పోసి పీకి నాటితే వేరు కదిలి మొక్క వెనకబడుతుంది. ఉండాల్సిన చోటే విత్తండి: చిటికెన వేలి గోరంత లోతు గుంటలో రెండు విత్తనాలు, పైన పలచగా మట్టి. మగ్ తో గుమ్మరించొద్దు, స్ప్రేతో తడపండి. మామూలుగా 4 నుంచి 7 రోజుల్లో, డిసెంబరు చలిలో ఇంకాస్త ఆలస్యంగా మొలుస్తాయి. తడి ఎక్కువైతే మొలక మొదలు దగ్గర నల్లబడి పక్కకు వాలిపోతుంది. అది నారుకుళ్లు. ఆ మొలక బతకదు, మిగతావాటికి నీళ్లు తగ్గించండి. రెండూ బతికితే బలహీనంగా ఉన్నదాన్ని కత్తెరతో కోసేయండి. పీకితే పక్కదాని వేరు కూడా కదులుతుంది.

పొడవు రకం జానెడు ఎత్తుకొచ్చి నాలుగు జతల ఆకులు వేశాక, మూడో జత పైన తల తుంచాలి. ఇక్కడే చాలామందికి చేతులాడవు. తుంచకపోతే నిటారుగా ఒకే కాడ, దాని కొసన ఒకే పువ్వు. తుంచితే ఒక్కో ఆకు మొదట్లోంచి ఒక్కో కొమ్మ లేస్తుంది. తొలి పువ్వు వారం ఆలస్యమైతే కానివ్వండి.

ఇక బూడిద తెగులు. ముందు కింది ఆకు మీద పిండి చల్లినట్టు చిన్న మచ్చ పడుతుంది, వేలితో రుద్దితే చెరుగుతుంది. చెరిగింది కదా అని వదిలేస్తే కొద్దిరోజుల్లో పైకి పాకుతుంది. పగలు పొడిగా, రాత్రి చల్లగా తేమగా ఉండి, ఆకుల మధ్య గాలి ఆడకపోతే పడుతుంది. కుండీలు గోడకు ఆనించొద్దు. నీళ్లు పొద్దున్నే, ఆకు తడవకుండా మొక్క మొదట్లోనే పోయండి. మచ్చ పడిన ఆకులు తుంచి చెత్తలో వేయండి, కంపోస్టులో కాదు. ఇంకా ఆగకపోతే నీటిలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రాములు కలిపి ఎండ తగ్గాక కొట్టండి. వేపనూనె కొట్టిన రెండు వారాల్లోపు గంధకం కొడితే ఆకు మాడుతుంది. ఎర్రగోధుమ రంగు మచ్చలైతే అది ఆకుమచ్చ తెగులు, దానికి కారణం ఎక్కువగా ఆకు మీద నిలిచిన తడి.

పువ్వు కోసేముందు దాని కింద జానెడు దూరంలో కాడ పట్టుకుని ఊపండి. మెడ వంగితే ఇంకా లేత, ఇప్పుడు కోస్తే వాజులో తల వాల్చేస్తుంది. కర్రలా బిగుసుకుని ఉంటే కోయండి. వాడిన పూలు తీసేస్తుంటే కొత్త మొగ్గలొస్తాయి.

విత్తనానికి రెండు మంచి పూలు మొక్క మీదే ఎండనివ్వండి. ఎండిన రేకను లాగితే దాని మొదట్లో బాణం ములుకులాంటి చదునైన గింజ వస్తుంది. వేళ్ల మధ్య కాగితంలా వంగిపోతే తాలు, గట్టిగా తగిలితే విత్తనం. రెండు రోజులు నీడలో ఆరబెట్టి కాగితం పొట్లంలో దాచండి. హైబ్రిడ్ ప్యాకెట్ మొక్కల గింజలకు తల్లి రంగు, రూపు రావు.