పాయ దాటి ఇసుక దిబ్బకు: ఆటు చూసుకొని వెళ్లి, పోటుకు ముందే రావడం ఎలా

తిరుపతి వాళ్లకు సముద్రం అంటే ఎప్పుడూ మద్రాసే. మా ఇంట్లోనూ అంతే. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడి, వాకాడు మండలం అందులోకి వచ్చాక "మన జిల్లాకే సముద్రం ఉంది, పదండి చూసొద్దాం" అని మా ఆయన కారు తీశారు. అప్పటి నుంచి తొమ్మిది సార్లు వెళ్లాం. అందులో ఒక్కసారి తిరిగి వస్తామో రామో అనిపించింది. ఆ ఒక్కసారి కోసమే ఇంత వివరంగా రాస్తున్నాను.

అటు వెళ్లినవాళ్లు ఎక్కువగా తూపిలిపాలెం బీచ్‌కు వెళ్తారు. నేను చెప్పేది ఆ బీచ్ గురించి కాదు. అదే తీరంలో, స్వర్ణముఖి నది సముద్రంలో కలిసే వైపు, ఒక చిన్న పల్లెకూ సముద్రానికీ నడుమ ఉప్పునీటి పాయ ఒకటి ఉంది. దాని అవతల పొడుగ్గా ఇసుక దిబ్బ. పోటు మీద, అంటే సముద్రం నీళ్లు పైకి వచ్చి ఉన్నప్పుడు, ఇవతలి గట్టు నుంచి చూస్తే అది లంకలా కనిపిస్తుంది. ఆటు వేళకు పాయలో నీళ్లు లాగేసి, మోకాలి లోతున నడిచి దాటొచ్చు. దిబ్బ ఎక్కి అటువైపు దిగితే మీ ముందు సముద్రం తప్ప ఇంకేమీ ఉండదు. మన తిరుచానూరు పక్కన ఇసుకలో ఇంకిపోయినట్టు కనిపించే స్వర్ణముఖి చివరికి చేరేది ఇక్కడికా అని మొదటిసారి చూసినప్పుడు నాకు కళ్లు చెమర్చాయి.

పల్లె పేరు రాయడం లేదు. ముప్పై నలభై ఇళ్లున్న ఊరు. వాళ్లు వలలు ఆరేసుకునే గట్టు మీదికి ఒక్కసారిగా పది కార్లు వస్తే వాళ్ల పని చెడుతుంది. వాకాడులో నిదానంగా అడిగితే దారి చెబుతారు. ఇలాంటి ఉప్పుటేళ్లు ఆ తీరంలో ఇంకా ఉన్నాయి, ఏది దాటాలన్నా లెక్క ఇదే.

ముందు గోడ మీది క్యాలెండర్ చూడండి. నాకు తిరుపతి బైరాగిపట్టెడలో డీటీపీ షాపు ఉంది. ఏటా నవంబరులో అంగళ్ల వాళ్లకు క్యాలెండర్లు వేసిస్తాం. తిథుల వరుస ప్రూఫు చూడటం నా పని. ఏళ్ల తరబడి ఆ వరుస దిద్దుతూ కూడా అది సముద్రానికి టైం టేబుల్ అని నాకు తట్టలేదు. చంద్రుడు రోజూ సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తాడు. మన పాత లెక్కలో రెండు ఘడియలు. సముద్రమూ అంతే ఆలస్యంగా కదులుతుంది. రోజుకు రెండు పోట్లు, రెండు ఆట్లు. ఒక ఆటుకూ తర్వాతి పోటుకూ మధ్య ఆరు గంటల పైచిలుకు.

మన తీరంలో పౌర్ణమికీ అమావాస్యకూ పోటు ఉదయం ఎనిమిదిన్నర, తొమ్మిది ప్రాంతంలో వస్తుంది. ఆటు మధ్యాహ్నం రెండున్నర, మూడు ప్రాంతంలో. అక్కడి నుంచి రోజుకు రెండు ఘడియల చొప్పున వెనక్కి వెళ్తే ఏకాదశి నాడు ఆటు పదకొండున్నరకు అటూ ఇటూగా పడుతుంది. ముందుకు వెళ్తే తదియ నాటికే సాయంత్రం ఐదు దాటిపోతుంది, అంటే తిరిగి దాటేది చీకట్లో. తదియ వద్దు. అష్టమి చూస్తే ఆటు ఉదయం తొమ్మిదికే, చల్లటి పూట, చాలా అనుకూలంగా అనిపిస్తుంది. కానీ అష్టమి ఆటును నమ్మకండి. పౌర్ణమికి పోటుకూ ఆటుకూ తేడా దాదాపు మీటరు ఉంటుంది, అష్టమికి అందులో సగం కూడా ఉండదు. పాయ దిగీ దిగనట్టు దిగి మళ్లీ నిండుతుంది. కాబట్టి ఏకాదశి నుంచి పౌర్ణమి దాకా, లేదా ఏకాదశి నుంచి అమావాస్య దాకా, ఆ ఐదు రోజుల్లో ఒకటి పెట్టుకోండి. నాకు బాగా ఇష్టమైనది త్రయోదశి. ఆటు ఒంటిగంట ప్రాంతంలో ఉంటుంది, ఎంత లేటైనా వెలుతురు ఉండగానే ఇవతలి గట్టుకు చేరతాం.

తిథి రోజును ఎంచుకోవడానికే. గంట, నిమిషం కోసం పట్టిక చూడాల్సిందే. సర్వే ఆఫ్ ఇండియా ఏటా ఆటుపోట్ల పట్టికలు అచ్చు వేస్తుంది. ఫోన్‌లో అయితే చెన్నై టైం చూసుకుంటే మనకు దగ్గరగా సరిపోతుంది. బయల్దేరే రోజు పొద్దున్నే హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ (కేంద్ర ప్రభుత్వ సముద్ర సమాచార కేంద్రం) వాళ్లు ఇచ్చే అలల హెచ్చరిక కూడా చూడండి. పెద్ద అలలని హెచ్చరిక ఉంటే ఆ రోజు మానేయండి. సముద్రం మీది నుంచి గాలి గట్టిగా తోస్తుంటే పట్టికలో ఉన్నంత ఆటు రాదు, నీళ్లు పాయలోనే నిలబడిపోతాయి.

ఇప్పుడు ఆ రోజు సంగతి. మాఘమాసం, పౌర్ణమి మర్నాడు. ఆటు మూడున్నరకు. మేం సరిగ్గా మూడున్నరకే గట్టు దగ్గరికి చేరాం, "కరెక్ట్ టైంకి వచ్చాం" అని సంతోషపడ్డాం. అసలు తప్పు అక్కడే ఉంది. నీళ్లు నా మోకాలికి కూడా రాలేదు. మా పాప నవ్వుకుంటూ దాటింది. అవతల గవ్వలు, పీతలు, ఫోటోలు, తెచ్చుకున్న పులిహోర. నాలుగున్నరకు లేచి పాయ వైపు ఒకసారి చూశాను. పెద్ద మార్పు కనిపించలేదు. ఇంకాసేపు ఉందామనుకున్నాం. ఆరింటికి తిరిగి వచ్చేసరికి అదే చోట నీళ్లు నా రొమ్ము దాకా ఉన్నాయి. పాప మా ఆయన భుజాల మీద. కాళ్ల కింద ఇసుక పక్కకు జారుతోంది. మూడు అడుగులు వేసి వెనక్కి వచ్చేశాం. నా చేతులు వణికాయి.

ఇవతలి గట్టు మీద వల బాగు చేసుకుంటున్న ఒక పెద్దాయన లేచి నిలబడి, చెయ్యి ఊపుతూ కేకేశాడు. "ఆడ కాదమ్మా! పైకి పొండి, ఎడల్పుగా ఉన్న కాడికి పొండి!" మేం ఇరుకుగా ఉంది కదా, నాలుగు అడుగుల్లో దాటేస్తాం అని ఆ చోటు ఎంచుకున్నాం. ఇరుకైన చోటే లోతు, ఇరుకైన చోటే లాగుడు. ఆయన చెప్పినట్టు రెండు వందల అడుగులు పైకి నడిచి, పాయ వెడల్పుగా పరుచుకున్న చోట దిగితే నీళ్లు నడుము దాటలేదు. ఆయన ఎదురొచ్చి పాపను అందుకున్నాడు. గట్టెక్కాక కోప్పడలేదు. ఒక్క మాటే అన్నాడు: "పొయ్యేటప్పుడు నీళ్లెంత ఉండాయని కాదమ్మా, వచ్చేటప్పుడు ఎంతుంటాయో చూసుకోవాల."

ఆ మాటను గంటల్లోకి మార్చుకుంటే ఇలా ఉంటుంది. ఆటు టైం అంటే వెళ్లే టైం కాదు, తిరుగు ప్రయాణం మొదలుపెట్టే టైం. ఆటు ఒంటిగంటకు అయితే పదకొండున్నరకు, నీళ్లు ఇంకా లాగుతుండగానే, తొడ కిందికి దిగాయని చూసుకుని దాటండి. ఒంటిగంటకు సర్దుకోవడం మొదలుపెట్టండి. ఒకటిన్నరకు ఇవతల ఉండాలి. దిబ్బ మీద దొరికేది గంటన్నరే. చాలదనిపిస్తుంది, కానీ నీడ లేని ఇసుకలో పిల్లలతో అంతకంటే ఉండలేం కూడా.

నాలుగున్నరకు చూసినప్పుడు నాకు మార్పు ఎందుకు కనిపించలేదో తర్వాత తెలుసుకున్నాను. పోటు ఒకే వేగంతో రాదు. మొత్తం పెరుగుదలను పన్నెండు భాగాలు అనుకుంటే, మొదటి గంటలో ఒక భాగమే వస్తుంది. రెండో గంటలో రెండు. మూడు, నాలుగు గంటల్లో మూడేసి. మేం మొదటి గంటను చూసి ధైర్యపడి, మూడో గంటలో దిగాం. గుజరాత్‌లో భావనగర్ దగ్గర పోటు పది మీటర్లు దాటుతుందట, మనది ఒక్క మీటరే కదా అని తేలిగ్గా తీసుకోకండి. ఆ ఒక్క మీటరే మోకాలికీ మెడకూ ఉన్న తేడా.

దాటే ముందు నేను ఒక పని తప్పకుండా చేస్తాను. గట్టు మీద సవక చెట్లుంటాయి. రాలిన సవక పుల్ల ఒకటి, జడపిన్ను అంత సన్నది, తీసుకుని పాయలో వేస్తాను. ఆటు సాగుతుంటే పుల్ల సముద్రం వైపు పోతుంది. కాసేపటికి ఇంకొకటి వేస్తే అది నిదానిస్తుంది. ఒక దశలో ఎటూ పోదు. ఉన్నచోటే చిన్నగా తిరుగుతూ, దాని నీడ కింద ఇసుక మీద కదలకుండా నిలబడుతుంది. ఆ తర్వాత, చూస్తుండగానే, ఒక కొస ఊరి వైపు మళ్లుతుంది. ఆ మళ్లడం దిబ్బ మీద ఉండగా కనిపిస్తే ఇక మాటల్లేవు, నడవడమే. పాయ లోపల నీళ్లు మళ్లే టైం సముద్రంలో ఆటు టైం కంటే కొంచెం వెనకబడుతుంది. అందుకే పట్టికతో పాటు పుల్ల కూడా కావాలి.

నడిచేటప్పుడు చేతిలో కర్ర ఉండాలి. ముందు కర్ర గుచ్చి, గట్టి ఇసుక తగిలాకే అడుగు. నల్లటి బురద కనిపిస్తే పక్కకు తప్పుకోండి, పిక్క దాకా దిగబడుతుంది. కాళ్లు ఎత్తి వేయకుండా ఇసుకలో ఈడ్చుకుంటూ నడవండి. అడుగున టేకు చేప పడుకుని ఉంటే ఆ కదలికకు పక్కకు పోతుంది. తొక్కితే మాత్రం తోక ముల్లుతో పొడుస్తుంది, ఆ నొప్పి భరించలేం. వట్టి కాళ్లతో వద్దు, చిప్పలు కోస్తాయి. వెనక పట్టీ ఉన్న చెప్పులు వేసుకోండి. పిల్లలను పెద్దవాళ్లకు పై వైపున, అంటే నీళ్లు వచ్చే వైపున నడిపించండి. కాలు జారినా మన మీదికే వస్తారు. కారు తాళం, ఫోన్ ప్లాస్టిక్ కవర్లో కట్టి మెడలో వేసుకోండి.

దారి సంగతి తేలిక. తిరుపతి, శ్రీకాళహస్తి, నాయుడుపేట, చిట్టమూరు, వాకాడు. టిఫిన్‌కు ఆగడంతో కలిపి మూడు గంటలు వేసుకోండి. నాయుడుపేటలోనే నీళ్లు కొనుక్కోండి, మనిషికి మూడు లీటర్లు. పులిహోర కంటే పెరుగన్నం మేలు, ఎండకు కడుపులో చల్లగా ఉంటుంది. గొడుగు మర్చిపోవద్దు.

మంచి కాలం జనవరి నుంచి మార్చి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా అసలు వద్దు. వాయుగుండాలు, తుఫాన్లు, పై నుంచి స్వర్ణముఖి నీళ్లు. వాకాడు దగ్గర బ్యారేజీ గేట్లు ఎత్తారని వింటే ఆటు లెక్కలేవీ పనిచేయవు. వానాకాలం దాటాక మొదటిసారి వెళ్లినప్పుడు పాత చోటనే దిగకండి. ఇసుక కదిలిపోయి పాయ దారి మారి ఉంటుంది. నిరుడు మేం దాటిన చోట ఈ ఏడు నిలువు లోతు ఉంది.

దిబ్బ మీద సముద్రం వైపు స్నానానికి దిగవద్దు. ఒడ్డు ఏటవాలుగా ఉంది, రెండో అడుగుకే నేల అందదు, కాపాడేవాళ్లు ఎవరూ ఉండరు. కాలి మడమలు తడుపుకుని వచ్చేయండి. చూడటానికి చాలా ఉంది. పీతలు మన అడుగు చప్పుడుకు కన్నాల్లోకి దూరి, కదలకుండా నిలబడితే ఒక్కొక్కటే కళ్లు పైకి పెడతాయి. చలికాలం చివర్లో తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఈ తీరానికి వస్తాయి. ఇసుక మీద ట్రాక్టర్ టైరు జాడలాంటిది కనిపిస్తే అది తాబేలు పాకిన దారి. దాని పక్కన తవ్వకండి, తొక్కకండి. చచ్చిన తాబేలు కూడా కనిపించవచ్చు. పిల్లలు అడుగుతారు, వలల్లో చిక్కుకుని ఊపిరాడక చనిపోతాయని ఉన్నదున్నట్టు చెప్పండి. మీరు తెచ్చిన కవర్లు, సీసాలు మీతోనే తిరిగి రావాలి.

ఇంకొకటి. దాటే ముందు గట్టు మీద ఎవరో ఒకరికి చెప్పండి: ఎంతమంది వెళ్తున్నాం, ఎన్నింటికి వస్తాం. తిరిగి వచ్చాక, నేరుగా కారెక్కకుండా, వచ్చేశామని వాళ్లకే చెప్పండి. మేం ఇప్పుడు ఆ పెద్దాయనకే చెబుతాం. వల మీది నుంచి తలెత్తి, ముందు పాపను చూసి, తర్వాత మమ్మల్ని లెక్కపెట్టుకుని, "సరే పొండమ్మా, చీకటి పడకముందే నాయుడుపేట దాటండి" అంటాడు.